కంప్యూటరు తప్పు ఎవరి ఖాతాలో?

మన సంఘంలో పిల్లలు సాఫ్ట్‌వేరులో లేని ఇల్లు ఇప్పుడు వెతికితేగాని దొరకదు. బెంగుళూరు, చెన్నై, పూణె, అవీ కాకపోతే సముద్రాల ఆవల. పండక్కి ఇంటికొచ్చిన పిల్లలు ఫోనులో ఆఫీసువాళ్ళతో మాట్లాడుతుంటే పెద్దవాళ్ళ చెవిన తరచు పడే మాట ఒకటుంది. అది ఎక్సెప్షన్. ‘రాత్రంతా ఎక్సెప్షన్లు వచ్చాయి’ అంటారు. ‘ఎవరో ఎక్సెప్షన్‌ను మింగేశారు’ అని విసుక్కుంటారు. మనం బళ్ళో చదివిన ఇంగ్లీషులో ఎక్సెప్షన్ అంటే మినహాయింపు. మినహాయింపులు రాత్రంతా రావటమేమిటి, వాటిని ఎవరో మింగటమేమిటి అని ఆశ్చర్యపోయే తల్లిదండ్రుల కోసం ఈ వ్యాసం. కామర్సు చదివి, బ్యాంకు లెక్కల మధ్య తల నెరిసినవాణ్ణి. ప్రోగ్రాము రాయటం నాకు రాదు. కాని ఈ ఒక్క విషయంలో ప్రోగ్రామర్ల కంటే బ్యాంకు గుమాస్తాలే పాతకాపులని నా నమ్మకం.

కౌంటరులో కూర్చున్న గుమాస్తా చేతికి ఒక చెక్కు వచ్చిందనుకోండి. ముందు తేదీ చూస్తాడు. మూడు నెలలు దాటితే చెల్లదు. అంతకు ముందున్న ఆరు నెలల గడువును 2012 ఏప్రిల్ 1 నుంచి మూడుకు తగ్గించారు. అంకెల్లో రాసినది, అక్షరాల్లో రాసినది ఒకటేనా అని చూస్తాడు. సంతకం పోలుస్తాడు. ఖాతాలో సొమ్ముందా, చెల్లింపు ఆపమని ఖాతాదారు ఏమైనా ఉత్తరం ఇచ్చాడా అని చూస్తాడు. ఇన్నీ అయ్యాకనే డబ్బు. చెక్కు తెచ్చినాయన దొంగ అని కాదు, దాదాపు అందరూ పెద్దమనుషులే. అయినా ప్రతి కాగితాన్నీ అనుమానంగా చూడటమే ఆ కుర్చీ చేసే పని. ఇదే పద్ధతిని ప్రోగ్రాముకు నేర్పితే దానికి డిఫెన్సివ్ ప్రోగ్రామింగ్ అని పేరు. వయసు అడిగినచోట ఎవరో సున్నాకంటే తక్కువ అంకె కొట్టవచ్చు, పుట్టినరోజు ఫిబ్రవరి 30 అని వేయవచ్చు, అసలేమీ రాయకుండా వదిలేయవచ్చు. ఇవన్నీ జరుగుతాయని ముందే అనుకుని రాయాలి. అనుమానం మరీ ఎక్కువైనా ఇబ్బందే. తమిళనాడులో ఉన్న మనవాళ్ళలో పేరు చివర ఒక్క అక్షరం ఇనిషియల్ మాత్రమే ఉన్నవాళ్ళు చాలామంది. ఇంటిపేరు కనీసం రెండక్షరాలు ఉండి తీరాలని పట్టుబట్టే ఫారాలతో వాళ్ళు పడే అవస్థ వాళ్ళకే తెలుసు. ఆ ఫారం రాసినవాడు మనలాంటివాళ్ళు ఉంటారని ఊహించలేదు, అంతే.

పెద్ద పుస్తకాల కాలంలో సాయంత్రం డే బుక్కు కుదరకపోతే అనుభవమున్న గుమాస్తా చేసే మొదటి పని తేడాను 9తో భాగించటం. శేషం లేకుండా పోయిందంటే ఎవరో పక్కపక్క అంకెలను తారుమారు చేశారని అనుమానం. 63 బదులు 36 వేస్తే తేడా 27. 540 బదులు 450 వేస్తే తేడా 90. రెండూ 9 గుణిజాలే. ఈ యుక్తికే చదువుకున్నవాళ్ళు మరింత పదును పెట్టారు. క్రెడిట్ కార్డు నంబరులో చివరి అంకె ఉట్టినే వేసింది కాదు, ముందున్న అంకెలన్నిటి నుంచి లెక్కకట్టి వేసింది. ఐబీఎం కంపెనీలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ ఈ పద్ధతికి 1960లో పేటెంటు పొందాడు. మన ఆధార్‌లో పన్నెండో అంకె కూడా ఇలా కాపలాకు పెట్టిందే. డచ్చి గణితజ్ఞుడు వెర్‌హూఫ్ 1969లో ప్రకటించిన పద్ధతి అది. అందుకే ఆధార్ నంబరులో ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా, ఎవరినీ అడగకుండానే ఇది చెల్లదని కంప్యూటరు చెప్పగలదు. బ్యాంకు ఖాతా నంబర్లకు దేశమంతటా ఒకే రకమైన ఇలాంటి కాపలా లేదు. ఒక అంకె తప్పితే డబ్బు మరొకరి ఖాతాలో పడే ప్రమాదం ఉంది. అవతలి ఖాతాదారు పేరు ముందుగా చూపించే వసతిని నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ బదిలీలకు 2025 ఏప్రిల్ 1 లోగా కల్పించాలని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరు చివర బ్యాంకులకు చెప్పింది. ఆ పేరు తెరమీద కనబడినప్పుడు ఒక్క నిమిషం ఆగి చదవండి. చాలామంది చదవరు.

ఇదంతా తప్పును గుమ్మం దగ్గరే ఆపటం. గుమ్మం దాటి లోపలికి వచ్చాక పుట్టే తప్పులు వేరు. ఒక ఖాతాలో ఐదువేలు ఖర్చు రాశారు, రెండో ఖాతాలో జమ రాసేలోపు కరెంటు పోయింది, లేదా తీగ తెగింది. ఇప్పుడా ఐదువేలు ఎక్కడున్నట్టు? ప్రోగ్రాము నడుస్తుండగా ముందుకు సాగలేని ఇలాంటి సందర్భం ఎదురైతే దాన్నే ఎక్సెప్షన్ అంటారు. రాసేవాడు తెలివైనవాడైతే ‘ఇలా జరిగితే ఇలా చెయ్యి’ అని ఒక దారి ముందే రాసి ఉంచుతాడు. డబ్బు సంగతిలో ఆ దారి ఒకటే. రాస్తే రెండూ రాయాలి, లేదా మొదటిది కూడా కొట్టేసి ఏమీ జరగనట్టు వెనక్కు వెళ్ళాలి. సగం పని మిగలకూడదు. చెప్పటానికి తేలికే గాని, వేలమంది ఒకేసారి లావాదేవీలు చేస్తున్నప్పుడు దీన్ని సాధించటం చిన్న విషయం కాదు. ఈ రంగంలో చేసిన కృషికిగాను జిమ్ గ్రే అనే అమెరికన్‌కు 1998లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. కంప్యూటరు శాస్త్రంలో అంతకు మించిన బహుమతి లేదంటారు.

రెండు బ్యాంకుల మధ్య, నడుమ మరో సంస్థ ఉన్నప్పుడు సగంలో ఆగటం ఇప్పటికీ జరుగుతూనే ఉంటుంది. అందుకని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువులు పెట్టింది. యూపీఐలో ఒక మనిషికి పంపిన డబ్బు మన ఖాతాలో తగ్గి అవతల చేరకపోతే మర్నాటికి, దుకాణదారుకు చెల్లించినదైతే ఐదు రోజుల్లో తిరిగి జమ కావాలి. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గినా గడువు ఐదు రోజులే. ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం, అదీ మనం అడగకుండానే ఇవ్వాలి. ఇలాంటప్పుడు కంగారుపడి మళ్ళీ మళ్ళీ మీట నొక్కకుండా, లావాదేవీ నంబరు రాసిపెట్టుకోవటం మంచిది. ఎందుకో తరువాత చెబుతాను.

ఇక ఎక్సెప్షన్‌ను మింగటమంటే ఏమిటో చూద్దాం. తప్పు వస్తే ఏం చేయాలో రాయవలసిన చోట ప్రోగ్రామరు ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేస్తాడు. ప్రోగ్రాము ఆగదు, ఏడవదు, ఎవరికీ చెప్పదు, కుక్కిన పేనులా ముందుకు పోతుంది. పరీక్ష చేసేటప్పుడు అంతా సవ్యంగా ఉన్నట్టే కనబడుతుంది. ఎన్నో బ్యాంకుల లెక్కలు కోబాల్ అనే పాత భాషలో నడిచాయి, కొన్నిచోట్ల నేటికీ నడుస్తున్నాయి. అందులో అంకె గడిలో పట్టకపోతే ఏం చేయాలో చెప్పటానికి ‘ఆన్ సైజ్ ఎర్రర్’ అనే మాట ఉంది. ఆ మాట రాయటం మరిచిపోతే మామూలుగా జరిగేది ఏమిటంటే, ఐదంకెల గడిలో లక్ష వేస్తే ముందున్న ఒకటి ఊడిపోయి ఐదు సున్నాలు మిగులుతాయి. గొడవ లేదు, చప్పుడు లేదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత మనకుంది. తప్పు ఏప్రిల్‌లో జరిగి సెప్టెంబరులో బయటపడితే మధ్యలో దాని మీద ఎన్ని లెక్కలు కట్టి ఉంటామో ఎవరు చెప్పగలరు? అందుకే తెలిసిన ప్రోగ్రామర్లు తప్పు జరిగిన చోటనే, జరిగిన క్షణానే కేకవేసి ఆగమని ప్రోగ్రాముకు నేర్పుతారు.

బ్యాంకుల్లో ఈ కేక కాగితం మీద వస్తుంది. దాని పేరే ఎక్సెప్షన్ రిపోర్టు. నిన్న పరిమితి దాటి తీసిన ఖాతాలు, చాలాకాలం నిద్రపోయి హఠాత్తుగా లేచిన ఖాతాలు, వెనక తేదీ వేసి రాసిన పద్దులు, ఆఫీసరు ప్రత్యేకంగా అనుమతించినవి, ఇవన్నీ పొద్దున్నే వరుసగా వస్తాయి. ఆఫీసరు ఒక్కొక్కటీ చూసి సంతకం చేయాలి. చూసి చేయటమూ ఉంది, చేయి అలవాటుగా చేసేయటమూ ఉంది. ఆ తేడా ఏ ఆడిటరుకూ తేలిగ్గా కనబడదు.

కేకవేసి ఆగటం అన్నివేళలా మంచిదేనా? 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాలో, కూరూ నుంచి యూరపువారి ఏరియాన్-5 రాకెట్టు మొదటిసారి లేచింది. దాదాపు 37 సెకన్లకు దారి తప్పి, ముక్కలై పేలిపోయింది. నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు బూడిదయ్యాయి. జాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతన వేసిన సంఘం ఆ జూలైలోనే నివేదిక ఇచ్చింది. రాకెట్టు ఎటు వంగుతున్నదో చెప్పే యంత్రంలోని ప్రోగ్రామును ఏరియాన్-4 నుంచి ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టారు. కొత్త రాకెట్టు అడ్డంగా వేగం పుంజుకునే తీరు పాతదానికంటే చాలా ఎక్కువ. ఆ వేగానికి సంబంధించిన ఒక పెద్ద అంకెను 32,767 దాటితే పట్టని చిన్న గడిలో వేయబోయారు, పట్టలేదు. ఎక్సెప్షన్ వచ్చింది. అలాంటి ఏడు అంకెల్లో నాలుగింటికి కాపలా పెట్టి, ఈ అంకె ఎప్పటికీ అంత పెరగదులెమ్మని మిగతా మూడింటినీ వదిలేశారు. పాత రాకెట్టు విషయంలో ఆ మాట నిజమే. తప్పు వస్తే యంత్రం ఆగిపోవాలని ఆదేశం ఉంది కనుక అది ఆగింది. దానికి బదులుగా పెట్టిన రెండో యంత్రంలోనూ అదే ప్రోగ్రాము కాబట్టి అదీ సెకనులో పదో వంతు కూడా తేడా లేకుండా ఆగింది. ఆగుతూ పంపిన తప్పు సమాచారాన్ని ప్రధాన కంప్యూటరు రాకెట్టు దిశ అనుకుని దాన్ని ఒక్కసారిగా వంచింది. నన్ను అన్నిటికంటే బాధపెట్టిన సంగతి మరొకటుంది. ఆ లెక్క రాకెట్టు నేల విడిచాక ఏరియాన్-5కు అసలు అక్కరలేదు. అక్కరలేని లెక్కలో వచ్చిన తప్పుకు అక్కరకొచ్చే యంత్రం ఆగిపోయింది. బ్యాంకులో ఒక గుమాస్తా కాలిక్యులేటరు చెడిపోతే ఊరంతటికీ బ్యాంకు మూసేసినట్టు.

దీనికి తలకిందులైన కథ మన గడ్డమీదే ఉంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం. కొద్ది నిమిషాల్లో లేవాల్సి ఉండగా కంప్యూటరు ‘ఆపండి’ అంది. నిపుణులు లెక్కలు చూసి పరవాలేదన్నారు. ప్రాజెక్టు డైరెక్టరుగా ఉన్న అబ్దుల్ కలాం కంప్యూటరు మాట పక్కన పెట్టి ప్రయోగానికి ఆదేశించారు. రెండో దశ అదుపు తప్పి రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. ఆ రోజు పత్రికలవాళ్ళ ముందుకు వెళ్ళి బాధ్యత తనమీద వేసుకున్నది ఇస్రో ఛైర్మను సతీష్ ధావన్. మరుసటి ఏడాది 1980 జూలై 18న ప్రయోగం ఫలించినప్పుడు ఆయన కలాంనే ముందుకు పంపారు. కలాంగారు ఈ సంగతి ఎన్నో సభల్లో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. ధావన్ పెద్దమనసు గురించి అందరం వింటాం. కంప్యూటరు తన పని తాను సరిగ్గా చేసిందన్న సంగతి మాత్రం ఎవరికీ అంతగా గుర్తుండదు.

రాకెట్టు పడితే అందరికీ కనబడుతుంది. లెక్కలో ప్రోగ్రాము పడితే ఎవరికి కనబడుతుంది? దీనికి బ్రిటన్‌లో జరిగిన అన్యాయం కంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. అక్కడి ఊళ్ళలో చాలా పోస్టాఫీసులు చిల్లర కొట్లలోనే ఉంటాయి. కొట్టు యజమానే ఒప్పందం మీద సబ్‌పోస్ట్‌మాస్టరు. వాళ్ళలో మన దేశం నుంచి వెళ్ళిన కుటుంబాలవారూ ఎంతోమంది. 1999 నుంచి ఈ ఆఫీసులన్నిటికీ ఫుజిత్సు కంపెనీవారి హొరైజన్ అనే కంప్యూటరు లెక్కల ఏర్పాటు వచ్చింది. రాగానే కొన్నిచోట్ల సాయంత్రం లెక్కకు నగదు తక్కువ చూపించసాగింది. పెట్టెలో ఉన్న నోట్లు ఉన్నట్టే ఉన్నాయి, తెరమీద అంకె మాత్రం ఎక్కువ. ఒప్పందం ప్రకారం తరుగు పడితే సబ్‌పోస్ట్‌మాస్టరే కట్టాలి. పొదుపు సొమ్ము తీసి కట్టారు, బంధువుల దగ్గర అప్పు చేసి కట్టారు, ఇళ్ళు తాకట్టు పెట్టారు. సహాయం కోసం ఫోను చేస్తే ‘ఈ ఇబ్బంది మీ ఒక్కరికే వచ్చింది’ అన్న జవాబు విన్నామని ఎందరో తరువాత సాక్ష్యం చెప్పారు.

స్కాట్లండులోని డాల్మెల్లింగ్టన్ అనే ఊరిలో 2015లో జరిగిన సంగతి వింటే, మీట మళ్ళీ మళ్ళీ నొక్కవద్దని ఇందాక ఎందుకన్నానో తెలుస్తుంది. 8 వేల పౌండ్ల నగదు అందినట్టు నమోదు చేయటానికి మీట నొక్కితే తెర బిగుసుకుపోయింది. ఎవరైనా ఏం చేస్తారు? మళ్ళీ నొక్కారు. నొక్కినప్పుడల్లా లోపల మరొక 8 వేలు అందినట్టు చప్పుడు లేకుండా రాసుకుంది. నాలుగు నొక్కులకు 32 వేలు, అంటే 24 వేల పౌండ్ల తరుగు. ముందుజాగ్రత్తతో రాసిన ప్రోగ్రాము ప్రతి లావాదేవీకి ఒక నంబరు కేటాయించి, అదే నంబరు రెండోసారి వస్తే ‘ఇది రాసేశాను’ అని ఊరుకుంటుంది. మన గుమాస్తాలు రాసిన వోచరు మీద అడ్డగీత కొట్టినంత పని అది. అంతకుమించి విద్య ఏమీ లేదు.

ఒక ప్రోగ్రాములో తప్పులుండటం కాదు నన్ను కలవరపెట్టింది. తప్పులు ఏ ప్రోగ్రాములో లేవు? కామర్సు చదివినవాళ్ళందరికీ అనామతు ఖాతా గుర్తుండే ఉంటుంది, బ్యాంకు భాషలో సస్పెన్స్ ఖాతా. అంకణా కుదరనప్పుడు, తేడా ఎక్కడో తేలేదాకా ఆ మొత్తాన్ని అందులో వేసి ఉంచుతాం. దాని అర్థం ‘తప్పు ఉంది, ఎవరిదో ఇంకా తెలియదు’ అని. హొరైజన్‌లో మొదట్లో ఇలాంటి వసతి ఉండేది. 2005 ప్రాంతంలో దాన్ని తీసేశారు. ఆ తరువాత తేడా వస్తే లెక్క మూసి మర్నాడు కొట్టు తెరవాలంటే ఆ తరుగు నాదేనని ఒప్పుకోవటం తప్ప దారి లేదు. ఒప్పుకోను, విచారించండి అని చెప్పటానికి తెరమీద మీటే లేదు. అంటే ఆ ప్రోగ్రాములో ఎదుటివాడి తప్పుకు చోటుంది గాని తన తప్పుకు లేదు. ఫుజిత్సు మనుషులు దూరం నుంచే శాఖల లెక్కల్లో మార్పులు చేయగలరన్న సంగతిని కూడా పోస్టాఫీసువారు ఏళ్ళ తరబడి కాదన్నారు.

తరుగు కట్టలేనివాళ్ళ మీద దొంగతనం, తప్పుడు లెక్కల కేసులు పెట్టారు. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. భారత సంతతికి చెందిన సీమా మిశ్రాకు 2010 నవంబరులో పదిహేను నెలల జైలు శిక్ష వేశారు. ఆరోపణ 74 వేల పౌండ్ల దొంగతనం. అప్పుడామె గర్భవతి, ఆ రోజు ఆమె పెద్దబ్బాయి పదో పుట్టినరోజు. ఆలన్ బేట్స్ అనే మాజీ సబ్‌పోస్ట్‌మాస్టరు వెంట 555 మంది కూడి వేసిన దావాలో 2019 డిసెంబరున జస్టిస్ ఫ్రేజర్ తీర్పు చెబుతూ, మొదటి హొరైజన్ ఏ కోశానా నమ్మదగినది కాదన్నారు. దానికి లోపాలు లేవని వాదించటం భూమి బల్లపరుపుగా ఉందని వాదించటం వంటిదని కూడా అన్నారు. 2021 ఏప్రిల్‌లో సీమాతో సహా 39 మంది శిక్షలను అప్పీలు కోర్టు కొట్టివేసింది. 2024లో ఏకంగా చట్టమే చేసి మిగతావి రద్దు చేశారు. 2025 జూలైలో వచ్చిన విచారణ నివేదిక, ఈ అవమానానికి కనీసం 13 మంది ప్రాణాలు తీసుకుని ఉండవచ్చని చెప్పింది.

ఇంగ్లండు కోర్టులు అంత తేలికగా ఎలా నమ్మాయి? కంప్యూటరు సరిగా పనిచేసిందని కాగితం దాఖలు చేయాలన్న పాత నిబంధనను అక్కడ 1999 చట్టంతో తీసేశారు. ఆ తరువాత కంప్యూటరు సరిగ్గానే పనిచేసిందని కోర్టు అనుకుంటుంది. లేదని అనుమానం కలిగించవలసిన భారం ఎదుటివాడిది. ఊరి కొట్టు యజమాని ఏం చూపగలడు? ప్రోగ్రాము అతని దగ్గర లేదు, తప్పుల చిట్టా కూడా అతని దగ్గర లేదు.

మన దేశంలో ఆ కాగితం ఇంకా ఉంది. పాత సాక్ష్యాధారాల చట్టంలో 65బి, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 63. కంప్యూటరు నుంచి తీసిన లెక్కను కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం జతచేయాలి. కొత్త చట్టంలో దానికి రెండు భాగాలు, ఒకటి రికార్డు దాఖలు చేసేవారిది, రెండోది నిపుణుడిది. బాకీ కేసుల్లో మొదటి భాగం మీద సంతకం చేసేది మాలాంటి ఆఫీసర్లమే. ఆ కాలంలో కంప్యూటరు సరిగా పనిచేస్తూ ఉందని అందులో ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది. సంతకం చేసేవాడు చూసింది తెరను మాత్రమే, లోపల ఎక్కడ ఏ ఎక్సెప్షన్‌ను ఎవరు మింగారో అతనికి తెలిసే దారి లేదు. నా బల్లమీదికి అలాంటి కాగితం వచ్చినప్పుడు, వివాదంలో ఉన్న తేదీల ఎక్సెప్షన్ రిపోర్టులు పాతకట్టల్లోంచి తెప్పించి పక్కన పెట్టుకుంటాను. దానికి ఒక పూట పడుతుంది. వకీలు గుమాస్తా బయట బల్లమీద కూర్చుని గడియారం చూసుకుంటూ ఉంటాడు.